నాలుగు నిమిషాల్లో కథ: మ్యూజిక్ వీడియోను కథన సిద్ధాంతాలతో చదివే పద్ధతి

మీడియా స్టడీస్ విద్యార్థులు మ్యూజిక్ వీడియోల మీద రాసే వ్యాసాల్లో ఒక వాక్యం పదేపదే కనిపిస్తుంది: "ఈ వీడియో టోడోరోవ్ సిద్ధాంతాన్ని అనుసరిస్తుంది." టోడోరోవ్ అంటే ప్రతి కథా ఐదు దశల్లో నడుస్తుందన్న సిద్ధాంతంతో పేరుపడ్డవాడు. ఆ వాక్యం చదివాక వీడియో గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. వ్లాదిమిర్ ప్రాప్ 1928లో పుస్తకం రాసింది రష్యన్ అద్భుత కథల మీద. క్లాడ్ లెవీ-స్ట్రాస్ పనిచేసింది పురాణగాథల మీద. రోలాండ్ బార్త్ 1970లో విడదీసి చూపించింది బాల్జాక్ రాసిన ఒక కథని. వీళ్ళెవరూ పాటను దృష్టిలో పెట్టుకోలేదు. అందుకే వీళ్ళ సిద్ధాంతాలు మ్యూజిక్ వీడియోకి కొన్ని చోట్ల చక్కగా అతుకుతాయి, కొన్ని చోట్ల అస్సలు అతకవు. అతకని చోటే మీరు రాయాల్సిన విషయం దొరుకుతుంది. ఆ చోటును ఎలా పట్టుకోవాలో అడుగడుగునా చూద్దాం.

ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) మీడియా స్టడీస్ చదివే తెలుగు పిల్లలకు టోడోరోవ్, లెవీ-స్ట్రాస్, బార్త్ సిలబస్‌లోనే ఉంటారు. ఇక్కడ మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్ళకూ, యూట్యూబ్ కోసం ప్రైవేట్ సాంగ్స్ తీసేవాళ్ళకూ ఈ పద్ధతి అంతే పనికొస్తుంది.

ఉదాహరణకు ఒకే వీడియో తీసుకుంటున్నాను: నార్వే బ్యాండ్ 'ఆ-హా' చేసిన 'టేక్ ఆన్ మీ', 1985, దర్శకుడు స్టీవ్ బారన్. యూట్యూబ్‌లో ఉంది. ముందు ఒకసారి చూసి వస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇదే పాటకు 1984లో ఇంకో వీడియో వచ్చింది. అందులో నీలం బ్యాక్‌గ్రౌండ్ ముందు బ్యాండ్ పాడుతుంది, అంతే. అప్పుడు పాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పాటను మళ్ళీ రికార్డు చేసి, సుమారు 3,000 ఫ్రేములను చేత్తో పెన్సిల్ బొమ్మలుగా గీయించి, కథ ఉన్న వీడియో తీశారు. 1985 అక్టోబరులో పాట అమెరికాలో బిల్‌బోర్డ్ పాటల జాబితాలో నంబర్ వన్ అయింది, మరుసటి ఏడాది వీడియో ఎంటీవీ అవార్డుల్లో ఆరు గెలిచింది. రికార్డింగ్ కూడా మారింది కాబట్టి ఘనతంతా కథకే ఇవ్వలేం. కానీ ఒకే పాటకు కథ లేని వీడియో, కథ ఉన్న వీడియో రెండూ దొరకడం అరుదు. పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి అడుగు: ఇది ఏ రకం వీడియో?

మ్యూజిక్ వీడియోల్ని మామూలుగా మూడు రకాలుగా చెబుతారు: గాయకులు పాడుతూ కనిపించే పర్ఫార్మెన్స్, పాత్రలతో నడిచే కథ, ఒక ఆలోచన చుట్టూ బొమ్మలు అల్లే కాన్సెప్ట్. నిజానికి చాలా వీడియోల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి. 'టేక్ ఆన్ మీ'లో గాయకుడు మార్టెన్ హార్కెటే కథలో హీరో, బొమ్మల లోకంలో పాడేదీ అతనే. బ్యాండ్‌లో మిగతా ఇద్దరూ అదే కాగితం మీద వాయిస్తూ కనిపిస్తారు. ఏ రకం ఎంత పాళ్ళలో ఉందో, ఎక్కడ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటుతుందో ఒక్క లైనులో రాసి పెట్టుకోండి. కథే లేని వీడియో మీద కథన సిద్ధాంతం రుద్దే ప్రమాదం ఇక్కడే తప్పుతుంది.

రెండో అడుగు: మూడు సార్లు చూడండి, ఒక పట్టిక రాయండి

మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. రెండోసారి స్క్రీన్ తిప్పేసి పాట మాత్రం వినండి. మూడోసారి రెండూ కలిపి, మధ్యమధ్యలో ఆపుతూ చూడండి.

పట్టికలో నాలుగు నిలువు వరసలు చాలు: సమయం, తెర మీద ఏం జరుగుతోంది, ఆ క్షణంలో పాటలో ఏ భాగం నడుస్తోంది (ఇంట్రో, చరణం, పల్లవి, మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్), ఎవరు ఎవరిని చూస్తున్నారు. చాలామంది ఈ నాలుగో వరస వదిలేస్తారు. ఈ వీడియోలో కథంతా చూపుల మీదే నడుస్తుంది. అమ్మాయి కామిక్ పుస్తకం చూస్తుంది, పుస్తకంలోంచి హీరో ఆమెకు కన్ను గీటుతాడు. చదివేవాళ్ళు, చదవబడేవాళ్ళు అన్న తేడా ఆ ఒక్క కన్నుగీటుతో చెదిరిపోతుంది. నాలుగో వరస ఖాళీగా ఉంటే ఇది మీ నోట్స్‌లోకి రాదు.

ప్రతి షాటూ రాయనక్కర్లేదు. పాటలో భాగం మారినప్పుడూ, స్థలం మారినప్పుడూ, ఎవరి పరిస్థితి అయినా మారినప్పుడూ ఒక లైను రాయండి. పల్లవి వచ్చిన ప్రతిసారీ మాత్రం అమ్మాయి ఏ లోకంలో ఉందో గుర్తుపెట్టండి. తర్వాత పనికొస్తుంది.

మూడో అడుగు: కథను సాదా వాక్యాల్లో చెప్పండి

సిద్ధాంతం పేరెత్తకుండా, ఇంట్లో వాళ్ళకు చెప్పినట్టు రాయండి. మన ఉదాహరణకు ఇలా:

కేఫ్‌లో ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని బైక్ రేసుల కామిక్ చదువుతోంది. అందులోని హీరో కన్ను గీటి, పేజీలోంచి చెయ్యి చాపుతాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని బొమ్మల లోకంలోకి వెళ్తుంది. అక్కడ ఒక అద్దం లాంటి చట్రం ఉంది. దానికి ఒక వైపు నిలబడితే మనిషి, రెండో వైపుకి వెళ్తే బొమ్మ. ఇక్కడ కేఫ్‌లో, బిల్లు కట్టకుండా వెళ్ళిపోయిందనుకుని వెయిట్రెస్ పుస్తకాన్ని నలిపి చెత్తబుట్టలో పడేస్తుంది. లోపల హీరోకి పోటీదారులైన ఇద్దరు వస్తారు. ఒకడి చేతిలో పెద్ద పానా. అద్దం పగులుతుంది. హీరో కాగితం గోడ చింపి అమ్మాయిని బయటికి పంపుతాడు, తను ఉండిపోతాడు. ఆమె చెత్తబుట్ట పక్కన తేలి, పుస్తకం తీసుకుని ఇంటికి పరుగెత్తి, నలిగిన పేజీలు చేత్తో సాపు చేస్తుంది. హీరో కదలకుండా పడి ఉంటాడు. ఆమె ఏడుస్తుంది. అతను లేచి, ఫ్రేమ్ గోడల్ని గుద్దుకుంటూ, ఆమె ఇంటి వరండాలో సగం బొమ్మగా సగం మనిషిగా కొట్టుకుంటూ, చివరికి మనిషై నిలబడతాడు.

ఇది రాశాక ఒక ప్రశ్న వేసుకోండి: ఏ సంఘటనకు ఎక్కువ సమయం ఇచ్చారు, దేన్ని చిటికెలో దాటేశారు? కేఫ్ నుంచి ఇంటిదాకా పరుగు కొన్ని క్షణాలే. వరండాలో గోడలకు కొట్టుకోవడం మాత్రం సాగుతూనే ఉంటుంది. కథలోని కాలానికీ దాన్ని చెప్పే కాలానికీ మధ్య ఉండే ఈ తేడా మీద ఫ్రెంచ్ పండితుడు జెరార్ జెనెట్ విస్తారంగా రాశారు. దర్శకుడు దేన్ని ముఖ్యమనుకున్నాడో ఈ తేడాలోనే తెలుస్తుంది.

నాలుగో అడుగు: టోడోరోవ్, ఎవరి వైపు నుంచి?

త్వెతాన్ టోడోరోవ్ చెప్పిన ఐదు దశలు తెలిసినవే: మొదటి సమస్థితి, దానికి భంగం, భంగం జరిగిందని గుర్తించడం, సరిదిద్దే ప్రయత్నం, కొత్త సమస్థితి. దీన్ని వాడే ముందు సమస్థితి ఎవరిది అని తేల్చుకోవాలి. ఈ పని చేయని వ్యాసం మొదటి పేరాలోనే దారి తప్పుతుంది.

అమ్మాయి వైపు నుంచి చూస్తే మొదటి స్థితి కేఫ్‌లో ఒంటరితనం. చాపిన చెయ్యి దానికి భంగం. కానీ ఆ భంగాన్ని ఆమె ఇష్టంగా అందుకుంది. హీరో వైపు నుంచి చూస్తే మొదటి స్థితి రేసులో గెలుపు, భంగం తెచ్చేది పానాతో వచ్చిన ఇద్దరు. వెయిట్రెస్ వైపు నుంచి చూస్తే భంగమల్లా కట్టని బిల్లు. ఒక్క వీడియోలో మూడు భంగాలు. మూడూ ఒకదాన్ని ఒకటి తోస్తున్నాయి: అమ్మాయి చెయ్యి అందుకుంది కాబట్టి కుర్చీ ఖాళీ అయింది, కుర్చీ ఖాళీ అయింది కాబట్టి పుస్తకం నలిగింది. ఈ గొలుసు చూపించగలిగితే టోడోరోవ్‌ను నిజంగా వాడినట్టు.

కొత్త సమస్థితి దగ్గర ఇంకాస్త ఆగండి. హీరో మనిషయ్యాడు, ఇద్దరూ దగ్గరయ్యారు, కథ కంచికి చేరినట్టే ఉంది. అయితే అదే బ్యాండ్ తర్వాతి వీడియో 'ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ' ఈ జంటతోనే మొదలవుతుంది. అందులో అతను మళ్ళీ బొమ్మగా మారిపోతూ ఆమెను వదిలి పారిపోతాడు. ఇప్పుడు 'టేక్ ఆన్ మీ' సాహిత్యం మళ్ళీ వినండి. ఒకటి రెండు రోజుల్లో వెళ్ళిపోతానని పాడే మనిషి అందులో ముందే ఉన్నాడు. దృశ్యం ఇచ్చిన సుఖాంతాన్ని మాట మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఐదు దశల పటంలో ఈ గొడవకు చోటు లేదు. వ్యాసంలో ఇదే రాయండి.

ఐదో అడుగు: ప్రాప్, మనిషిని వదిలి పనిని చూడండి

ప్రాప్ నూరు రష్యన్ కథలు పరిశీలించి 31 పాత్రవిధులు (కథలో పాత్రలు చేసే పనులు), ఆ పనులు పంచుకుపోయే ఏడు కార్యక్షేత్రాలు చెప్పారు. ఆ ఏడూ ఇవి: ప్రతినాయకుడు, దాత (నాయకుడికి మాయవస్తువు ఇచ్చేవాడు), సహాయకుడు, రాకుమారి (ఆమె తండ్రితో కలిపి), పంపేవాడు (నాయకుణ్ణి పని మీద పంపేవాడు), నాయకుడు, దొంగ నాయకుడు (తనే నాయకుణ్ణని చెప్పుకునేవాడు). చాలామంది దీన్ని పాత్రల జాబితాగా తీసుకుని 'హీరో: ఫలానా, విలన్: ఫలానా' అని నింపేస్తారు. ప్రాప్ చెప్పింది పనుల గురించి. ఒకే మనిషి రెండు మూడు పనులు చేయొచ్చు, ఒకే పని ఇద్దరికి పంచుకుపోవచ్చు.

ఆ కళ్ళతో చూస్తే వెయిట్రెస్ దగ్గర విషయం రంజుగా మారుతుంది. హాని తలపెట్టేవాళ్ళు పానాతో వచ్చినవాళ్ళు. ఆ లోకం మొత్తాన్ని నలిపి ముద్ద చేసింది మాత్రం వెయిట్రెస్. ఆమెకు ఎవరి మీదా పగ లేదు, తన పని తాను చేసుకుపోతోంది. ప్రతినాయకుడి పని ఉంది, ప్రతినాయకుడు లేడు.

రక్షణ సంగతి చూడండి. కాగితం చింపి అమ్మాయిని కాపాడింది అతను. చెత్తబుట్టలోంచి పుస్తకం తీసి, పేజీలు సాపు చేసి, అతని లోకాన్ని మళ్ళీ నిలబెట్టింది ఆమె. అంటే నాయకుడి పని మధ్యలో చేతులు మారింది. రాజకుమారి స్థానంలో మొదలైన అమ్మాయి చివరి భాగానికి వచ్చేసరికి కథ నడిపే మనిషి అయింది. నా దృష్టిలో ఈ వీడియో ఇన్నేళ్ళుగా పాతబడకపోవడానికి పెన్సిల్ బొమ్మల కన్నా ఇదే పెద్ద కారణం.

ఏడు గళ్ళూ నిండాలని పట్టుబట్టకండి. ఇక్కడ దాత లేడు, దొంగ నాయకుడూ లేడు. లేరని రాసి ముందుకు వెళ్ళండి.

ఆరో అడుగు: ద్వంద్వాలు, వాటి మధ్య గీత

లెవీ-స్ట్రాస్ పద్ధతిలో వ్యతిరేక జంటలు వెతకడం సులువు: రంగులు/నలుపు-తెలుపు, మనిషి/బొమ్మ, కేఫ్/కాగితం, విసుగు/సాహసం. జాబితా రాసి ఆగిపోతే అది సగం పనే. మూడు ప్రశ్నలు అడగండి. వీడియో ఏ వైపుకు మొగ్గుతోంది? రెండింటి మధ్య గీత ఎక్కడుంది? దాన్ని ఎవరు దాటగలరు?

రంగుల లోకంలో ప్రాణాపాయం లేదు, పలకరించేవాళ్ళూ లేరు. కాగితం లోకంలో ప్రేమ ఉంది, పానా కూడా ఉంది. వీడియో ఏ వైపునూ పూర్తిగా మెచ్చుకోదు. ఇద్దరూ ఒకరినొకరు నిజంగా చూసుకునేది ఆ అద్దం దగ్గరే, అంటే సరిగ్గా గీత మీద. లెవీ-స్ట్రాస్ పురాణగాథల్లో రెండు విరుద్ధాల నడుమ నిలిచే మధ్యవర్తుల గురించి రాశారు. ఇక్కడ ఆ పని చేసేది ఒక వస్తువు. శత్రువులు పానాతో దాన్నే ఎందుకు పగలగొట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. అది పోయాక గీత దాటడానికి ఒళ్ళు గాయపరుచుకోవడం తప్ప దారి లేదు. వరండా దృశ్యం అదే.

ఏడో అడుగు: బార్త్, క్లుప్తంగా

కథ మనలో అర్థం పుట్టించే దారులను బార్త్ ఐదు సంకేతావళులుగా (కోడ్‌లుగా) విడదీశారు. వాటిలో మ్యూజిక్ వీడియోకి ఎక్కువగా పనికొచ్చేవి రెండు. మొదటిది చిక్కుముడి సంకేతం, అంటే మనలో ప్రశ్న పుట్టించేది. రెండోది చర్యా సంకేతం, అంటే తర్వాత ఏం జరుగుతుందోనని ఎదురుచూసేలా చేసేది. చాపిన చెయ్యి చర్యా సంకేతం. ఆ ఇద్దరూ ఎవరు, అతని మీద ఎందుకు పడ్డారు అన్నది చిక్కుముడి. వీడియో దానికి జవాబు చెప్పదు. సినిమాలో అయితే అది లోపం అనేవాళ్ళం. పాటలో ఎవరికీ అది గుర్తే ఉండదు. పుట్టిన ప్రశ్నలన్నీ ఒక వరసలో రాసి, జవాబు దొరికినవాటికి టిక్ పెట్టండి. టిక్ లేనివి ఎందుకు మిగిలాయో ఒక పేరా రాయొచ్చు.

ఎనిమిదో అడుగు: పాటను మళ్ళీ లోపలికి తీసుకురండి

ఇప్పటిదాకా చేసినదంతా మూకీ సినిమాకి కూడా చేయొచ్చు. అసలు తేడా ఇక్కడ మొదలవుతుంది. ఆండ్రూ గుడ్విన్ 1992లో మ్యూజిక్ వీడియోల మీద రాసిన పుస్తకంలో మాటకూ దృశ్యానికీ మూడు రకాల సంబంధాలు చెప్పారు. పాటలో ఉన్నదే చూపించడం ఒకటి. పాటకు కొత్త అర్థం చేర్చి పెంచడం రెండోది. పాటతో సంబంధం లేనిది చూపించడం మూడోది. 'టేక్ ఆన్ మీ' సాహిత్యంలో కామిక్ లేదు, బైకు లేదు, కేఫ్ లేదు. తడబడుతూ నన్ను అంగీకరించమని అడిగే మనిషి ఉన్నాడు. ఆ తడబాటును రెండు లోకాల మధ్య దూరంగా మార్చారు. రెండో రకానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న పల్లవిది. కథ ముందుకే వెళ్ళాలి. పాట మాత్రం అదే మాటకు, అదే బాణీకి తిరిగి వస్తూ ఉంటుంది. మన సినిమాల్లో ఒకే పాట సంతోషంగా ఒకసారి, విషాదంగా ఒకసారి వస్తుంది కదా. మాటలు దాదాపు అవే అయినా పరిస్థితి మారడంతో అర్థం తిరగబడుతుంది. మంచి మ్యూజిక్ వీడియో ఆ పనిని నాలుగు నిమిషాల్లోనే చేస్తుంది. మీ పట్టికలో పల్లవి వచ్చిన చోట్లన్నీ తీసి, ఒక్కో పల్లవి సమయానికి అమ్మాయి ఎక్కడుందో, వాళ్ళిద్దరి మధ్య దూరం ఎంతో పోల్చండి. ఈ పాట పల్లవి లోతైన స్వరంతో మొదలై ఎక్కడో పైకి, దొంగ గొంతు (ఫాల్సెటో) దాకా వెళ్తుంది. ఆ ఎక్కడం, తెర మీద గోడలు దాటే ప్రయత్నం ఎక్కడెక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెవితోనూ కంటితోనూ కలిపి చూసుకోండి.

గుడ్విన్ గుర్తుచేసిన ఇంకో విషయం: ఈ వీడియో ఒక ప్రకటన కూడా. రికార్డు కంపెనీకి గాయకుడి ముఖం కావాలి, అందుకే క్లోజప్‌లు. కథకు అవసరం లేని క్లోజప్ వచ్చిన ప్రతిచోటా పట్టికలో చుక్క పెట్టండి. మరో పండితురాలు క్యారల్ వర్నాలిస్ 2004లో వచ్చిన తన పుస్తకంలో, చాలా మ్యూజిక్ వీడియోలు పూర్తి కథగా నిలబడవనీ, పాట నడకే వాటిని నడిపిస్తుందనీ వాదించారు. ఆవిడతో ఏకీభవించకపోయినా, ఆ వాదనకు జవాబు చెప్పకుండా వ్యాసం ముగించకండి.

తొమ్మిదో అడుగు: సినిమా పాటైతే జాగ్రత్త

తెలుగులో మనం యూట్యూబ్‌లో చూసే పాటల్లో ఎక్కువ భాగం సినిమా పాటలే. సినిమా పాటకు ముందూ వెనకా కథ ఉంటుంది. దాన్ని విడి మ్యూజిక్ వీడియోగా చదివితే పొరపాటు పడతాం.

'ఆర్‌ఆర్‌ఆర్' (2022)లోని 'నాటు నాటు' చూడండి. పార్టీలో తెల్లదొర జేక్ అవమానిస్తాడు, రామ్, భీమ్ ఆటతో సమాధానం చెబుతారు, జేక్ కూలబడతాడు. టోడోరోవ్ లెక్కలో కథ అక్కడ అయిపోవాలి. అవదు. తెల్లవాళ్ళంతా అలిసి పడిపోయాక స్నేహితులిద్దరి మధ్యే పోటీ మిగులుతుంది. జెన్నీ భీమ్‌ను ప్రోత్సహించడం చూసి రామ్ కావాలనే పడిపోతాడు. పాట ఒక్కటే చూసినవాళ్ళకు అది స్నేహంగా కనిపిస్తుంది. సినిమా మొత్తం తెలిసినవాళ్ళకు ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు అసలు సంగతి దాచుకుని తిరుగుతున్నారని తెలుసు. రెండు పఠనాలూ సరైనవే. మీరు ఏది చేస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

పదో అడుగు: రాయడం

అన్ని సిద్ధాంతాలూ ఒకే వ్యాసంలో కుక్కకండి. రెండు చాలు: ఒకటి వీడియోకి బాగా అతికింది, ఇంకొకటి అతకనిది. ప్రతి పేరాలో ముందు దృశ్యం, తర్వాత సిద్ధాంతం, ఆ తర్వాత సిద్ధాంతం పట్టుకోలేకపోయింది. నమూనా:

"వెయిట్రెస్ కామిక్‌ను నలిపి చెత్తబుట్టలో వేసినప్పుడు బొమ్మల లోకంలో ఇద్దరూ చిక్కుకుపోతారు. ప్రాప్ చెప్పిన 'హాని' అన్న విధిని ఆమె నిర్వర్తించింది, కానీ ప్రతినాయకుడికి ఉండాల్సిన ఉద్దేశం ఆమెకు లేదు. దీనివల్ల ప్రమాదం ఒక దుర్మార్గుడి నుంచి కాక మామూలు లోకపు పట్టనితనం నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. దూరాన్ని దాటాలని అడిగే పాటకు పానా పట్టినవాళ్ళ కన్నా ఈ పట్టనితనమే తగిన శత్రువు."

ఇందులో టోడోరోవ్ పేరు లేదు. అవసరం రాలేదు కాబట్టి లేదు.

వీడియో తీసేవాళ్ళకు

ఇదే పద్ధతిని తిరగేసి వాడొచ్చు. జానపద ప్రైవేట్ సాంగ్స్‌లో బావామరదళ్ళ కథ ఎక్కువ. పల్లవి నాలుగైదుసార్లు వస్తుంది. చాలా వీడియోల్లో పల్లవి వచ్చిన ప్రతిసారీ అదే గట్టు, అదే స్టెప్పు, చీర రంగు మాత్రం వేరు. షూటింగ్‌కు ముందే ఒక కాగితం మీద పల్లవులకు నంబర్లు వేసి, ఒక్కోదాని పక్కన ఇద్దరి మధ్య ఏం మారిందో ఒక వాక్యం రాయండి. మొదటి పల్లవిలో ఆమె చూడలేదు, రెండోదాంట్లో చూసి తల తిప్పుకుంది, మూడోదాంట్లో అతను ఊళ్ళో లేడు. మూడో పల్లవి ఆమె ఒంటరిగా అదే గట్టు మీద పాడుతుంటే స్టెప్పు మార్చాల్సిన పని కూడా ఉండదు. ఏదైనా పల్లవి పక్కన రాయడానికి వాక్యం దొరకకపోతే, కెమెరా అద్దెకు తెచ్చే ముందే పాట రాసినవాళ్ళతో కూర్చుని ఆ పల్లవి ఉండాలా వద్దా అని మాట్లాడుకోండి.